నలుగురని పంపిన వార్త

దయ్యాల మాటెత్తితే మా అన్న లేచి వెళ్లిపోయేవాడు. నాకూ ఆ నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. అన్న పోయి నెల కాలేదు. ఈ సంగతి తెలిసినవాళ్లలో నేనొక్కడినే మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

అన్న హిందూపురంలో ముప్పై ఏళ్లకు పైగా రేడియో విలేకరి. చావు వార్త అయితే ప్రతి శవం ముఖం తానే చూసేవాడు. అంకె వేస్తే తీగ మీద మారిపోతుందని, టెలిగ్రాంలో సంఖ్యను ఇంగ్లీషు అక్షరాలతో రాసేవాడు. ఇచ్చేముందు పక్కనున్నవాళ్ల చేత పైకి చదివించేవాడు.

అరవైల మొదట్లో ధర్మవరం దారిలోని ఒక ఊళ్లో రెండు వర్గాలు పొద్దున్నే బాంబులు విసురుకున్నాయి, వేటకొడవళ్లతో నరుక్కున్నాయి. మధ్యాహ్నానికి మేమిద్దరం చేరాం. బడి వరండాలో శవాలు, వాటి మీద గోనెపట్టాలు. ఒకతనికి ముఖం సగమే ఉంది. ఓబులేసు అనే గొర్రెల కాపరి ఒక్కొక్క పట్టా ఎత్తి చూపించాడు.

"బాగ లెక్కబెట్టుకోప్పా. ఆ పక్క ఇద్దరు, ఈ పక్క ఇద్దరు. సరికి సరి. పెద్దోల్లు రాజీకి కూచోనుండారు. రేడియోలో ఒకటి ఎక్కువ చెప్తివంటే మళ్లా మొదులైతాది."

పెనుకొండ తంతి ఆఫీసులో అన్న రాశాడు. నేను పైకి చదివాను. నలుగురు.

సాయంత్రం బస్టాండు హోటల్లో టీ తాగుతూ వార్తలు విన్నాం. ఐదుగురు మరణించారని చదివారు. అన్న గ్లాసు కింద పెట్టి తంతి ఆఫీసుకు పరుగెత్తాడు, వెనకే నేనూ. గుమాస్తా ఫారం తీసి ముందు పెట్టాడు.

"మీరు రాసిచ్చిందే కదా సామీ. ఈడ చూడండి."

ఐదుగురు. అన్న దస్తూరీ, అన్న వాడే ఊదా సిరా. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు.

రేడియోలో వచ్చింది తప్పని చెప్పడానికి పోలీసు జీపులో మళ్లీ ఆ ఊరికి పోయాం. పంచాయతీ రేడియో ముందే ఓబులేసు పడి ఉన్నాడు. మెడ దాదాపు తెగిపోయింది. వార్త వినగానే, తమ మనిషి శవాన్ని ఎదుటివాళ్లు దాచారని రెండు పక్కలవాళ్లూ కొడవళ్లు ఎత్తారట. నలుగురినే చూపించింది ఓబులేసు కాబట్టి ముందు అతని మీద పడ్డారట.

అతని తల్లి నెత్తురు మడుగులోనే కూర్చుని ఉంది. అన్నను తిట్టలేదు.

"రేడియో అప్పా, నా కొడుకు నీ వార్త ఇని నగుతా ఉన్న్యాడు. ఐదోవాడు యాడుండాడబ్బా అని అందర్నీ అడుగుతా ఉన్న్యాడు."

అన్న ఉద్యోగం మానలేదు. ఆ ఊరి పేరు మాత్రం మళ్లీ ఎత్తలేదు. మొన్న ఆసుపత్రిలో, మాట పడిపోయే ముందు, నా చెయ్యి పట్టుకున్నాడు.

"రేయ్, నువ్వు చదివినావు కదా. నలుగురే కదా?"

నలుగురే అన్నాను. అది అబద్ధం కాదు. గుమాస్తా తీసి చూపించినదీ అబద్ధం కాదు. రెండూ ఆ ఒక్క కాగితం మీదే, నా కళ్లతో చూశాను.