సందు లేని అల్మరా

మా పిన్ని ఫ్రిజ్‌లు బాగుచేస్తుంది, బాబాయి వడ్రంగి. పిన్నికి నోరెక్కువ, బాబాయికి పంతమెక్కువ. నేను చెప్పబోయే సంగతి ఇద్దరూ చెప్తారు గానీ, బాబాయి చెప్పేదాంట్లో సగం కోతలే. అందుకని పిన్ని మాటే నమ్మి చెప్తున్నాను.

బాబాయికి ఎక్కడైనా సందు కనిపిస్తే ఒళ్ళు మండుతుంది. తలుపుకీ చట్రానికీ మధ్య పోస్టుకార్డు దూరిందంటే ఆ పూట ఆయనకి ముద్ద దిగదు. మా ఇంటికొస్తే నన్ను పలకరించకముందే కిటికీ రెక్కని పలకరిస్తాడు.

అలాంటివాడు చెయ్యి విరిగి ఏడాదిపాటు ఉలి పట్టలేకపోయాడు. పైకి ఏమీ అనలేదు గానీ లోపల్లోపల కుమిలిపోయాడు. చెయ్యి కుదురుకున్నాక చేసిన మొదటి పని, ఒక అపార్టుమెంటులో వంటగది. గోడ పొడవునా అల్మరా, ఫ్రిజ్ కూడా అందులోనే ఇమిడిపోవాలి. పని అయ్యాక ఎరిగున్నవాళ్ళందర్నీ తీసుకెళ్ళి, "ఇందులో ఫ్రిజ్ ఎక్కడుందో చెప్పండి చూద్దాం" అనేవాడు. ఒకాయన తడబడి చీపుర్ల అర తెరిచాడట. వారం రోజులు బాబాయి కాళ్ళు నేల మీద ఆనలేదు. పిన్ని మాత్రం ఎండాకాలం పనుల్లో మునిగిపోయి చూడ్డానికి వెళ్ళలేకపోయింది.

నెల తిరక్కుండా ఆ ఇంటావిడ ఫోన్ చేసింది. పాలు విరిగిపోతున్నాయట, ఐసు నీళ్ళవుతోందట. "ఫ్రిజ్‌లో ఏదో పోయుంటుంది, వెళ్ళి చూసిరా. నా చెక్క జోలికి మాత్రం వెళ్ళకు" అని బాబాయి పిన్నిని పంపాడు.

పిన్ని పొద్దున్నే వెళ్ళి అల్మరా మీద చెయ్యి వేసింది. చెక్క జ్వరమొచ్చిన పిల్లాడి నుదురులా ఉంది. వంగి చూస్తే, గాలి లోపలికి పోవాల్సిన చోట నున్నటి పలక. స్టూలెక్కి చూస్తే, వేడి బయటికి రావాల్సిన చోట ఇంకో పలక. ఫ్రిజ్ తయారుచేసినవాళ్ళు కొలత తప్పి సందు వదలమన్నారనుకుని, పాపం, బాబాయి వాళ్ళ తప్పు కూడా దిద్దిపెట్టాడు.

పిన్ని ఫోన్ తీసింది, మళ్ళీ సంచిలో పడేసింది. ఏడాది తర్వాత లేచి నిలబడ్డ మనిషి, ఈ మాట చెప్తే ఏమైపోతాడోనని భయం వేసింది. వాచ్‌మన్ సాయంతో ఫ్రిజ్‌ని బయటికి లాగించి వెతకడం మొదలుపెట్టింది. కంప్రెసర్ గుండ్రాయిలా ఉంది. గ్యాసు తగ్గలేదు. ఫ్యాను తిరుగుతోంది. తలుపు రబ్బరు గిల్లి కూడా చూసింది, అదీ బానే ఉంది.

"ఏదో ఒకటి పాడై చావకూడదూ!" అని ఫ్రిజ్‌ని తిట్టింది.

"అదేంటమ్మా, అన్నీ బాగుంటే మంచిదే కదా?" అంది ఇంటావిడ.

"మంచిదేనండీ, అదే నా ఖర్మ."

బయట పెట్టిన ఫ్రిజ్ సాయంత్రానికల్లా చక్కగా చల్లబడింది. ఇక దాచడానికేం లేక పిన్ని బాబాయిని రమ్మంది.

బాబాయి వచ్చి ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టాడు. ఖాళీ అల్మరాలో తల పెట్టాడు. కాసేపు రెంటి మధ్యా నిలబడ్డాడు.

"ఇందులో పెడితే దీనికి గాలాడదు, అంతేనా?"

"అంతేనండీ."

"ఎంత సందు కావాలి?"

"కింద నాలుగు వేళ్ళు, పైన నాలుగు వేళ్ళు."

"నాలుగా!" అన్నాడు బాబాయి, ఇల్లు రాసిమ్మన్నట్టు.

అన్నాడే గానీ రంపం తీశాడు. తను బిగించిన పలకల్ని తనే కోసి, ఆ చోట సన్నటి చెక్కపట్టీలు గాలి ఆడేలా వరసగా అమర్చాడు. "ముచ్చటగా ఉంది, ముందే ఇలా చేసుండొచ్చుగా" అంది ఇంటావిడ. బాబాయి తలొంచుకుని రంపం సర్దుకున్నాడు. ఆయన వాదనకి దిగకపోవడం పిన్ని ఇప్పటికీ వింతగా చెప్పుకుంటుంది.

తిరిగొస్తుంటే, స్కూటర్ నడుపుతూ బాబాయి అడిగాడట.

"నా అల్మరాదే తప్పని నీకెప్పుడు తెలిసింది?"

"చెయ్యి వెయ్యగానే."

"మరి పొద్దుట్నుంచీ ఏం చేశావే?"

"ఇంకే తప్పయినా దొరుకుతుందేమోనని వెతికాను."

పెళ్ళాం మీద ప్రేమ పొంగుకొస్తే బాబాయికి మంచి మాట రాదు, వెటకారమే వస్తుంది.

"ఇంకాస్త గట్టిగా వెతకాల్సింది" అన్నాడు.

పిన్ని ఆయన వీపు మీద ఒక్కటేసి, ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉందట.