పట్టికలో ఒక దర్జీ

నా సిద్ధాంత గ్రంథాన్ని విశ్వవిద్యాలయం వాళ్ళు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారని నాకు ఒక బుధవారం ఉదయం తెలిసింది. రొంపిచెర్ల వైపు ఒక పల్లె నుంచి పాత విద్యార్థి ఫోన్ చేశాడు. నరసరావుపేట కాలేజీలో నా దగ్గర పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివినవాడు. ఇప్పుడు వాళ్ళ ఊరికి అతని భార్య సర్పంచి. పంచాయతీ ఆఫీసులో కుర్చీ మాత్రం ఇతనిది.

"మాస్టారూ, మా ఊరి గురించి మీరు రాసింది ఫోన్లో దొరికింది. ఊరి పేరు మార్చారు గానీ రాళ్ళ గనులు, రెండు చర్చీలు అన్నీ మావే. నాన్న పేరు మీద పుస్తకం వేస్తున్నాం. ఆయన ఏకగ్రీవంగా సర్పంచి అయిన సంగతి మీరు రాశారుగా, అది తెలుగు చేయించి అందులో పెడదామని."

"ఎంతవరకు చదివావు?" అన్నాను.

"ఇంకా మొదట్లోనే ఉన్నా. మీరు మాట్లాడినోళ్ళ పనులు పట్టిక వేశారు చూడండి. రైతులు ఇంతమంది, కూలీలు ఇంతమంది, దర్జీ ఒకరు. అప్పుడైనా ఇప్పుడైనా మా ఊళ్ళో దర్జీ ఒక్కడే గదా మాస్టారూ," అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక నా ప్రతి తీసి ఆ పట్టిక చూశాను.

పరిశోధనలో పేర్లు బయటపెట్టకూడదన్న నియమాన్ని నేను తు.చ. తప్పకుండా పాటించాను. మనుషులకు అక్షరాలు పెట్టాను, ఊరికి వేరే పేరు పెట్టాను. నా గైడ్ ఆ పట్టికలను మెచ్చుకుని తన మిగతా విద్యార్థులకు చూపించేవారు. ఒకే దర్జీ ఉన్న ఊళ్ళో 'దర్జీ: ఒకరు' అని రాస్తే పేరు రాసినట్టేనని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. అదే పట్టికను బోర్డు మీద వేసి, సర్వీసు పొడుగునా పిల్లలకు పరిశోధన పద్ధతులు చెప్పాను.

ఐదో అధ్యాయంలో ఆ ఏకగ్రీవం ఎలా జరిగిందో ఉంది. ఇతని తండ్రి మీద పోటీకి దిగిన మనిషిని పట్టుకొచ్చి, నామినేషన్ ఉపసంహరణ కాగితం మీద బలవంతంగా సంతకం పెట్టించారు. 'నేను పనిచేసే చోట, నా బల్ల మీదే పెట్టించారు. అతని చొక్కా జేబు చిరిగి ఉంది' అని ఒక సాక్షి చెప్పినట్టు రాశాను. ఆ అధ్యాయం, ఆ పట్టిక పక్కపక్కన పెట్టుకుంటే చాలు, ఆ సాక్షి ఎవరో తెలిసిపోతుంది.

పరిశోధన నాటి డైరీ తీశాను. దర్జీ మాటల కింద నా చేతిరాతలో ఇలా ఉంది: 'ఇది తన నోటి నుంచి వచ్చిందని తెలిస్తే ఊళ్ళో ఉండనివ్వరన్నాడు. తెలియనివ్వనని మాట ఇచ్చాను.' ఆయన భయం ఉత్తది కాదు. ఒక గొడవలో సాక్ష్యం చెప్పిన రెండు కుటుంబాలు సామాను ట్రాక్టరుకెత్తుకుని ఆ ఊరు వదిలిపోవడం నేను కళ్ళారా చూశాను. పైగా దర్జీ కొట్టు ఉన్నది పంచాయతీ స్థలంలో.

ఆయనకు ఫోను లేదు. విద్యార్థి ఐదో అధ్యాయానికి వచ్చేలోగా చెప్పాలని మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. దారి పొడుగునా ఏం చెప్పాలో వరసగా అనుకుంటూ పోయాను. ఊళ్ళో దిగి నేరుగా కొట్టుకు నడిచాను. ఆయన నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. నేను గొంతు తగ్గించి అంతా చెప్పాను. అరుగు మీద మిషను తొక్కుతూనే విన్నాడు.

"బస్సు దిగి ఇంకెవరింటికన్నా పోయారా సారూ?"

"లేదు భాయ్. నేరుగా ఇక్కడికే."

మిషను ఆపాడు. "అట్టయితే ఊరంతా చూసే ఉంటది."

పట్టికలో చేసిన తప్పునే మళ్ళీ కాళ్ళతో నడిచొచ్చి చేశాను.

"చొక్కా ఇప్పండి," అన్నాడు.

"ఎందుకు?"

"కాలర్ అరిగింది. ఊడదీసి, తిప్పి కుడతా. ఎందుకొచ్చారంటే ఏం చెప్తారు మరి?"

బనీనుతో రోడ్డుకు ఎదురుగా బల్ల మీద కూర్చున్నాను. ఆయన బ్లేడుతో కాలర్ కుట్లు ఒక్కొక్కటే తెంపుతున్నాడు. సగం కూడా కాకముందే విద్యార్థి బండి వచ్చి ఆగింది.

"ఏంది మాస్టారూ, ఊళ్ళోకొచ్చి ఇంటికి రాకుండా బనీనుతో కూర్చున్నారు? నరసరావుపేటలో దర్జీలు కరువయ్యారా?"

"ఉన్నారంట. కాలర్ తిప్పమంటే నవ్వుతున్నారంట," అన్నాడు దర్జీ తలెత్తకుండా. "సారుకి కొత్త చొక్కా కుట్టించుకోవాలంటే ప్రాణం మీదికొస్తది."

విద్యార్థి నవ్వి నా పక్కన కూర్చున్నాడు. కాసేపు నా ఆరోగ్యం గురించి అడిగాడు. ఆ తర్వాత గొంతు మారింది.

"రాత్రి ఐదో అధ్యాయం చదివా మాస్టారూ. ఎవరి బల్ల అది?"

బ్లేడు ఆగలేదు. నాకు మాత్రం ఒళ్ళంతా చెమట పట్టింది. బనీను మీద ఉన్న మనిషికి దాన్ని దాచుకునే చోటు కూడా ఉండదు.

"ఎవరి బల్లా కాదు," అన్నాను. "అధ్యాయం పలచగా ఉందని మా గైడ్ తిప్పి పంపారు. ఊళ్ళో గాలికి విన్నవన్నీ కలిపి సాక్షి చెప్పాడని రాశాను."

"మరి పట్టికో?"

"అదీ అంతే. ఇంట్లో కూర్చుని నింపాను."

ఆ పట్టిక కోసం ఆ ఊళ్ళో పదకొండు నెలలు ఇల్లిల్లూ తిరిగాను. నా ఉద్యోగ జీవితంలో ఎవరి ముందైనా పెట్టగల పని అదొక్కటే.

అతను నా వైపు తిరిగాడు. "కళ్ళతో చూడందే ఒక్క అంకె వెయ్యొద్దని మాకు చెప్పేవారు," అన్నాడు.

"అవును. చెప్పేవాణ్ణి."

"సర్లెండి. ఇంక పుస్తకంలో ఎందుకు?" అని లేచాడు. బండి తీస్తూ ఒక్కసారి దర్జీ వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

బండి చప్పుడు పోయాక, "నమ్మాడంటారా?" అని అడిగాను.

"తెలవదు. వచ్చే నెల ఇంకో చొక్కా తీసుకురండి. ఇయ్యాల్టితో ఆపితే, నాకు ఈ సంగతి చెప్పడానికే వచ్చారనుకుంటారు."

అలా ప్రతి నెలా వెళ్ళడం మొదలైంది. విద్యార్థి నాకు మళ్ళీ ఫోన్ చేయలేదు. పంచాయతీ ఆఫీసు ముందు కనిపిస్తే తల ఊపేవాడు, అంతే. దర్జీని ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టేది. ఇంట్లో అరిగిన కాలర్లు అయిపోయాక మంచి చొక్కాల కాలర్లను గచ్చుకు రాసి అరగదీసి పట్టుకెళ్ళాను. బస్సు ఊరి మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి ముందు చూసేది కొట్టు తలుపే. తెరిచి ఉంటే ఊపిరి వచ్చేది.

రెండో ఏడు వేసవిలో ఒక రోజు అది మూసి ఉంది. మిషను ఉండే చోట అరుగు ఖాళీగా ఉంది. రోడ్డు మధ్యలోనే నిలబడిపోయాను. నాకు ట్రాక్టర్లు గుర్తొచ్చాయి. పక్కన టీ కొట్టు ఆవిడ నన్ను చూసింది. ఆవిడే పలకరించింది.

"కాలర్ల సారు గదూ? సాయిబు పోయాడుగా. మాచర్లలో కూతురి దగ్గర. మిషను కూడా ఆ పిల్లే తీసుకుపోయింది."

"ఎలా పోయాడమ్మా?"

"జొరం. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడంట."

"జ్వరమేనా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "మరింకేంది సారూ? ఆ వయసులో ఇంకేంటికి పోతారు?"

జ్వరమేనని విన్నప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. కాళ్ళలోకి బలం వచ్చింది. ఆ సంగతి తెలిసి సిగ్గుతో ఆవిడ బెంచీ మీద కూర్చుండిపోయాను. ఆవిడ టీ ఇచ్చి, చేతిలో చొక్కా చూసి, రొంపిచెర్లలో ఒకతను కాలర్లు తిప్పుతాడని చెప్పింది.