ఐదు ఎంబీల్లో పట్టిన పడవ

ఇందులోని ప్రతి అక్షరం నిజమని అరసవల్లి సూర్యనారాయణస్వామి మీద ప్రమాణం చేస్తున్నాను. వేరే దేవుడైతే గుడి తలుపులు మూసిన వేళ కాస్త వెసులుబాటు దొరుకుతుంది. ఈయన పగలంతా నెత్తి మీదే ఉంటాడు.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, భాద్రపదంలో, శ్రీకాకుళం జిల్లా తీరంలో మత్స్యకారుల పడవల వ్యవహారం చూసే ఒక చిన్న కార్యాలయానికి సీనియర్ అసిస్టెంటుగా బదిలీ అయ్యాను. ఈ హోదా అధికారికి కింద, అటెండరుకు పైన. దరఖాస్తుకు నోటు రాసి, నోటుకు రిమార్కు చేర్చి, రిమార్కుకు జవాబు కుట్టి ఫైలును లావు చేయడం మా వృత్తి. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునే దాకా నా చేతిలో పడిన ఫైలేదీ సన్నబడలేదు, ఒక్కటి తప్ప.

అది ఎర్రయ్యది. ముగ్గురిని వెంటబెట్టుకుని మరపడవ మీద వేటకు వెళ్లాడు. నడిసముద్రంలో ఇంజను ఆగింది. నీటి వాటం పడవను ఒడిశా ఒడ్డుకు తోసింది. అక్కడి అధికారి పడవ రిజిస్ట్రేషన్ పుస్తకం అడిగాడు. అది పడవలో ఉండాలని నిబంధన. ఎర్రయ్య వాళ్ల వాడలో మాత్రం దేవుడి గూట్లో ఉంటుంది. తడవకూడదని కొంత, గంగమ్మ చూపు పడాలని కొంత. ఏటా వేట మొదలుపెట్టే రోజున పేజీ పేజీకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు.

మా కార్యాలయం ధ్రువీకరించిన నకలు ఆ సాయంత్రం ఐదులోగా మెయిల్లో వస్తే నలుగురినీ పడవనూ వదిలేస్తామని ఆ అధికారి ఫోనులో చెప్పాడు. రాకపోతే కేసు రాసి పడవను కోర్టుకు అప్పగిస్తారు. కోర్టుకెళ్లిన పడవ ఇసుకలో ఎండి పగలడమే తప్ప మళ్లీ నీళ్లు చూడడం అరుదు. మా అధికారి విజయనగరంలో సమావేశంలో ఉన్నారు. తన తరఫున సంతకం చేయమని అనుమతిచ్చి, మిగతాది నాకు వదిలేశారు.

మధ్యాహ్నం మూడు గంటలకు ఎర్రయ్య భార్య నూకాలమ్మ పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి, చంటిబిడ్డలా గుండెకు ఆనించుకుని వచ్చింది. సముద్రం మీది వెలుతురు కిటికీలోంచి దూరి గోడల మీద అలలా ఆడుతోంది. ఫ్యాను తిరుగుతోందో, దాని కింద మేం తిరుగుతున్నామో తెలియని వేళ. ఇరవై నాలుగు పేజీలకూ ముద్ర వేసి, అంగుళానికి ఆరు వందల చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేశాను. ముప్పై ఎనిమిది ఎంబీలు తేలింది. అవతలి మెయిలు పెట్టె ఐదుకు మించి మింగదు. వాట్సాప్ ఫొటో చెల్లదన్నారు. సైజు తగ్గించాలని ఆమెకు చెప్పాను.

"తగ్గించడమంటే? మా ఆయన్ని సన్నం సేసేస్తారేటి బాబూ? ఇప్పటికే గాలొస్తే ఎగిరిపోయేలాగున్నాడు."

మనిషి తగ్గడు, బరువే తగ్గుతుందన్నాను. ఆ ముక్క డాక్టరు కూడా చెప్పాడంది.

రంగు తీసేసి నలుపు తెలుపుల్లో మళ్లీ స్కాన్ చేశాను. ఒక్క ఎంబీ! పంపే ముందు తెరిచి చూడడం నా అలవాటు కనుక తెరిచాను. ఆ పద్ధతిలో యంత్రానికి తెలిసినవి రెండే: ఉంటే నలుపు, లేకుంటే తెలుపు. ఎర్రటి కుంకుమంతా నల్లబడింది. రిజిస్ట్రేషన్ నంబరు మీద ఒక మచ్చ. ఫొటోలో ఎర్రయ్య నుదుటి బొట్టు గడ్డం దాకా పాకింది. నూకాలమ్మ నా భుజం మీదుగా వంగి చూసింది.

"బొట్టెట్టిన సోటల్లా మసి పూసీసినారేటి బాబూ? ఇది సూసి ఆళ్లు ఎవుల్ని వదుల్తారు?"

అప్పుడు దారి తోచింది. తగ్గించాల్సింది రంగును కాదు, చుక్కలను. రంగులు ఉంచి, అంగుళానికి నూట యాభై చుక్కలకు దించాను. పొడవులో పావు, వెడల్పులో పావు, అంటే మొత్తం మీద పదహారో వంతు. రెండున్నర ఎంబీల లోపే వచ్చింది. కుంకుమ ఎర్రగానే ఉంది. దాని కింద నంబరు, ముఖం కనబడుతున్నాయి.

‘పంపు’ మీట నొక్కాను. తెర మీద నీలిగీత మెల్లగా సాగింది. నేను చూశాను: దాని మీద ఒక పడవ, వేలి గోరంత, నలుగురితో. గీత ఆగినప్పుడు అదీ ఆగి ఊగింది, గీత కదిలితే కదిలింది. గదిలోకి ఉప్పుగాలి వచ్చింది. పడవ గీత చివరకు చేరి కనబడకుండా పోయింది. ఐదుకు పది నిమిషాలుందనగా ఫోను మోగింది: ప్రతి అందింది, వదిలేస్తున్నామన్నారు. మర్నాడు మరో పడవ ఎర్రయ్య పడవను తాడు కట్టి ఊరికి లాక్కొచ్చింది.

ఇక ఇందులో అబద్ధం ఎక్కడుందో చెప్పాలి. గీత మీది పడవ అని పాఠకులు అనుకుంటారు. అది చూశాను. పంపే ముందు తెరిచి చూశానన్నదే కల్పితం. ఆ మసి పూసిన ఫైలును చూడకుండా మూడూ నలభైకి పంపేసి టీకి వెళ్లాను. నాలుగుంపావుకు తిరిగొస్తే నూకాలమ్మ తెర ముందు నిలబడి, యంత్రం దానంతటదే తెరిచి పెట్టిన పేజీలు చూస్తోంది. మసి మాట అప్పుడు అడిగింది. ఆమె అడగకపోతే ఐదు దాటేది.

తగ్గించిన ఫైలును పంపే ముందు చివరి పేజీ దాకా తెరిచి చూడాలి. వీలైతే అందులోని మనిషిని ఎరిగినవాళ్ల చేత చూపించాలి.