పాలపిట్టకు ఆకలి కానియ్యి

నిన్న పొద్దున ఉప్పల్‌లో మా డాబా ఎదుటి కరెంటు తీగ మీద పాలపిట్ట కనబడింది. నాచారం బడిలో నాతో చదివిన వాళ్లారా, దసరా సాయంత్రం పాలపిట్టను చూడనిదే మన చేతికి జమ్మి ఆకు ఇచ్చేవారు కాదు, గుర్తుందా?

ఒక దసరాకు పొద్దు గుంకుతున్నా నాకది కనబడలేదు. నీలి పిట్ట కోసం ఆకాశమంతా వెతుకుతున్నాను.

"సూసిన అని జెప్పరాదే, ఎవలు అడుగుతరు?" అంది అక్క.

అబద్ధం నా వల్ల కాలేదు. ఏడుపొచ్చింది. అప్పుడు తాత చేను గట్టున ఉన్న మొద్దును చూపించాడు. దానిమీద మట్టి రంగు పిట్ట ఒకటి కదలకుండా కూర్చుంది.

"గిది కాదు తాతా, నీలం ఏది?"

"దానికి జర ఆకలి కానియ్యి బిడ్డా."

పెద్ద తల, గట్టి ముక్కు, చూపంతా నేల మీదే. గడ్డిలో మిడత కదిలింది. పిట్ట రెక్కలు విప్పి దూకింది. అబ్బ, ఎంత నీలం! మూసిన రెక్కల మట్టి రంగు వల్ల మిడత దాన్ని పసిగట్టలేదు, నేనూ పసిగట్టలేదు.

నిన్న మనవరాలు కూడా "నీలం ఏది అమ్మమ్మా?" అంది. కింద వీధిలో బడి ఆటో హారన్ కొట్టింది. ఆలస్యాన్ని ఎన్నడూ ఒప్పని నేను ఆటోను ఆగమన్నాను. పిట్టకింకా ఆకలి కాలేదు.