రుమాలు చుట్టు

నేను పెట్టిన పేరును ఆ మనిషి తాను పెట్టినట్టు చెప్పుకున్నాడు. అతను ఫిల్మ్ నగర్‌లో ఆర్ట్ డైరెక్టర్. నేను షేక్‌పేట వడ్రంగిని, ముప్ఫై ఏళ్లు అతని సెట్లు కట్టాను. బడికి పోకపోయినా, రోలర్ కోస్టర్ మలుపులకు పేర్లెలా వస్తాయో పుస్తకాలు కూడబలుక్కుని చదివి తెలుసుకున్నాను. మలుపు దేన్ని పోలితే అదే దాని పేరు. పాము పడగలా లేస్తే పడగ, మరమేకులా తిరిగితే మరమేకు.

నిరుడు ఒక పార్కువాళ్లు కొత్త కోస్టర్ నమూనా అడిగితే ఇద్దరం తీగతో చేశాం. ఒకచోట తీగ రెండు చుట్లు తిరిగి, కొస పైకి లేచింది. మా తాత తలకు చుట్టుకునే రుమాలు అచ్చం అట్లాగే ఉండేది.

"గిది రుమాలు చుట్టు సారూ," అన్నాను.

"భలే పేరు మేస్త్రీ," అని రాసుకున్నాడు.

మొన్న జూబ్లీ హిల్స్‌లో ఆ కోస్టర్ గురించి సభ పెట్టారు. తెర మీద 'పాగా చుట్టు' అని పడింది. ఆ పేరు తనకే తట్టిందని అతను మైకులో చెప్పాడు. నేను మూడో వరుసలో కూర్చుని విన్నాను. బయట కారు దగ్గర ఆపి అడిగాను.

"నేను పెట్టిన పేరు మీదని ఎట్ల జెప్పిన్రు సారూ?"

"రుమాలంటే మావైపు చేతిగుడ్డ, మేస్త్రీ. మీ చేతిగుడ్డని పాగా చేసింది నేనేగా. మరి పేరు నాది కాదా?"