అర్థం తెలియని పెద్ద మాట

మొన్న ఆదివారం శ్రీకాకుళంలో మా ఇంట్లో, మనవరాలు ఫోను చూస్తూ, ఇంగ్లీషులో బాగా పొడవైన మాటల్లో ఇదొకటట అంటూ ‘యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం’ అని తడబడుతూ చదివి పకపకా నవ్వింది. ఈ వయసులో కూడా నాకు చెవులు వేడెక్కి, ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయాను.

మా చిన్నప్పుడు రాజాంలో మా నాన్న ధాన్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. పట్నంలో గుమాస్తాగా ఉన్న మా మేనమామ సెలవుల్లో వచ్చినప్పుడల్లా నాకు ఇంగ్లీషు మాటలు నేర్పుతూ, తనకే అర్థం తెలియని ఈ మాటను కూడా స్పెల్లింగుతో సహా నేర్పాడు. మిల్లు దగ్గర నలుగురూ చేరగానే నాన్న నా చేత దాన్ని పలికించి మురిసిపోయేవాడు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం మా బాప్టిస్టు చర్చికి పట్నంలో మిషను వాళ్లు నడిపే హాస్టలు పెద్దాయన వచ్చి, మా పిల్లల్లో ఒకరికి అక్కడ ఉండి చదువుకునే సీటు ఇస్తామని చెప్పి, ఆరాధన అయ్యాక ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి తోచింది చెప్పమన్నారు. నేను ఆ మాటను గుక్క తిప్పుకోకుండా పలికి, స్పెల్లింగు కూడా చెప్పేసరికి చప్పట్లు మోగాయి. దాని అర్థమేమిటి, ఎక్కడ వాడతారు అని ఆయన ముచ్చటగా అడిగారు. నాకు తెలియదు. తెలియదనడానికి నోరు రాక, “చర్చీలు కూలగొట్టడమండి” అనేశాను.

చర్చంతా నవ్వింది. పరికిణీ కుచ్చెళ్లు పిండుతూ నేను నేలచూపులు చూస్తుంటే, వెనక వరసలోంచి మా నాన్న లేచాడు.

“మా పిల్లకి తెలీదు బాబూ, నాకూ తెలీదు. తవరు సెప్పండి, ఇద్దరం ఇంటాం.”

నవ్వులు మరింత పెరిగాయి. ఆ పెద్దాయన మాత్రం నవ్వకుండా, కొన్ని దేశాల్లో ఒక చర్చి ప్రభుత్వానికి సొంత చర్చిగా ఉంటుందనీ, ఆ ముడి తెంచేయాలని కొందరంటే, తెంచకూడదని పట్టుబట్టేవాళ్ల వాదానికి ఆ పేరనీ, మన బాప్టిస్టులు మాత్రం అసలు ఆ ముడే వద్దంటారనీ నాన్న వైపు చూస్తూ ఓపిగ్గా చెప్పారు. సీటు మాత్రం, చిన్న వాక్యం చదివి దాని అర్థం తన మాటల్లో చెప్పిన పిల్లకు ఇచ్చారు.

ఇంటికి వెళ్లే దారిలో నేను ఏడుస్తూ వెనకబడితే, నాన్న ఆగి, “ఏటైపోనాదే? కొత్త సంగతి తెలిసింది కదా” అన్నాడు. ఆ తర్వాత ఆయన ఎవరి ముందూ నన్ను ఏ మాటా పలకమనలేదు.

మరుసటేడు నాకూ సీటు దొరికింది. చదువుకుని, రాజనీతిశాస్త్రం పాఠాలు చెప్పుకుని రిటైరయ్యాను. మతానికీ ప్రభుత్వానికీ ఉండే సంబంధం గురించిన పాఠం వచ్చిన ప్రతిసారీ ఆ మాట బోర్డు మీద రాసి, ముందు అర్థం చెప్పాకే పలికేదాన్ని. పలికేటప్పుడు పిల్లల ముఖాల్లోకి చూడలేకపోయేదాన్ని.

నేను వంటింట్లోంచి వచ్చేసరికి మనవరాలు అర్థం చూసుకుని, మరో మాటకు వెళ్లిపోయింది. తెలియకపోవడం ఇప్పటి పిల్లలకు క్షణం పట్టని సంగతి, అందులో సిగ్గేమీ లేదు. ఆ మేరకు వాళ్లు అదృష్టవంతులే. కానీ మన సిగ్గులో సగం తనదని నిండు సభలో లేచి నిలబడే మనిషి పక్కన ఉండటం ఎలా ఉంటుందో వాళ్లకు ఎలా చెప్పను?