నీలిరంగు పోర్టు, అత్తమ్మ పాటలు

అప్పట్లో మేము సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. మా ఆయన బొగ్గు గనిలో ఫిట్టర్. నేను గోదావరిఖనిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేదాన్ని. బతుకమ్మ రోజుల్లో అత్తమ్మా, ఆమె ఈడు ఆడవాళ్లూ పాడే పాటలను కెమెరాతో తీయడం ఆయనకు పిచ్చి. నా పిచ్చి వేరు. మా ఇంటి కంప్యూటర్‌లో లినక్స్ తప్ప మరొకటి ఉండకూడదు. కంప్యూటర్‌ను నడిపే ఆ ప్రోగ్రాంను ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి అందరికీ ఊరికే ఇచ్చేస్తారన్న సంగతి నాకు భలే ముచ్చటగా ఉండేది.

పాటలతో కంప్యూటర్ నిండిపోయింది. హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆయన బయట తగిలించే డిస్కు ఒకటి, దానికోసం కంప్యూటర్‌లో బిగించే కార్డు ఒకటి తెచ్చాడు. కార్డుకు నీలిరంగు పోర్టు.

"పాత యూఎస్‌బీ కంటే శానా జల్ది పోతదట. మరి నీ లినక్స్‌కు ఇది సమజైతదా?"

"అందరికంటె ముందుగాల దానికే సమజైంది," అన్నాను గొప్పగా. అలాగని నేను చదివాను కూడా.

ఆ గొప్ప ఎంతోసేపు నిలవలేదు. కాపీ ఉరుకులు పరుగులతో మొదలై, సగంలో తెర మీద నుంచి డిస్కే మాయమైపోయింది. తీసి పెట్టినా, మళ్లీ మొదలుపెట్టినా అదే తంతు.

"నా పాటలు యాడ వోయినయ్‌రా?" అంది అత్తమ్మ.

"యాడికి పోలేదవ్వా, దార్ల ఉన్నయ్," అన్నాడాయన.

కార్డుతో వచ్చిన సీడీ లినక్స్‌కు పనికొచ్చేది కాదు. ఇక మొండికేసి, ఆ పోర్టును నడిపే ప్రోగ్రాం రాసేవాళ్లకు మెయిల్ పెట్టడానికి కూర్చున్నాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, ఏం చేస్తే ఏం జరిగిందో వరసగా రాశాను. ఆయన పక్కన స్టూలు వేసుకున్నాడు.

"వాళ్లకు మనం ఎరుకనా?"

"లేదు."

"మరి మన ఫికర్ వాళ్లకెందుకుంటదే?"

నేను మెయిల్ పంపేశాను.

జవాబు వచ్చింది. డిస్కు మాయమైనప్పుడు కంప్యూటర్ లోలోపల రాసుకున్న సందేశాలు పంపమన్నారు. పంపాను. కొన్నాళ్లకు, ప్రోగ్రాంలో ఫలానా చోట ఈ నాలుగు వరసలు మార్చి చూసి మాకు చెప్పండి అంటూ చిన్న సవరణ వచ్చింది. మాకు చెప్పండి అన్న ఆ మాట నేను ఎన్నిసార్లు చదువుకున్నానో!

సవరణ కలిపి లినక్స్‌ను మళ్లీ తయారుచేయాలి. పొద్దున ఆయన డ్యూటీకి వెళ్తుంటే మొదలుపెట్టాను. ఆయన షిఫ్టు దిగి, స్నానం చేసి, అన్నం తినేసరికి కూడా మా ముసలి కంప్యూటర్ గరగరమంటూనే ఉంది.

చివరకు అయింది. డిస్కు తగిలించి కాపీ మొదలుపెట్టాను. సగం దాటేటప్పుడు ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. డిస్కు మాయం కాలేదు. అత్తమ్మ చాయ్ పెట్టి తెచ్చేలోగా ఆ ఏడాది పాటలన్నీ అవతలికి చేరిపోయాయి. ముగ్గురం కూర్చుని చూశాం. "నా గొంతు గిట్లుంటదా?" అని అత్తమ్మ సిగ్గుపడింది. అయినా రెండోసారి పెట్టించుకుంది.

తర్వాత వచ్చిన లినక్స్‌లో ఆ సవరణ చేరింది. దాని కింద, లోపం తెలిపినవారు అన్న చోట నా పేరు ఉంది. ఆయనకు చూపించాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు.

మర్నాడు షేర్ ఆటోలో ఎక్కినవాళ్లందరికీ చెప్పాడట, "మా ఆమె దేశాలోళ్లతోని మాట్లాడి కంప్యూటర్ బాగుచేయించింది," అని. ఆ వారంలోనే వెనక వరస అక్క మిక్సీ పట్టుకొచ్చింది. ఎదురింటి కాక పాడైన టేప్ రికార్డర్ తెచ్చాడు. వద్దంటే ఇద్దరూ వినలేదు. మిక్సీని మా ఆయనే విప్పి బాగుచేశాడు. టేప్ రికార్డర్ మాత్రం ఎవరి వల్లా కాలేదు.